బిడ్డ కోసం ఎదురుచూసే దంపతులు: చికిత్సలో కనిపించని భారం



కొంతకాలం క్రితం మేమొక పొరపాటు చేశాం. దాన్ని దాచుకోకుండా చెప్పి ఈ వ్యాసం మొదలుపెడుతున్నాం. పిల్లలు లేని ఒక జంట చికిత్సకు సాయం కోరుతూ మా దగ్గరికి వచ్చింది. భర్త ఆటో నడుపుతాడు, భార్య ఇంట్లో మిషన్ కుడుతుంది. మీరిచ్చిన విరాళాల నుంచి కొంత సొమ్ము సర్దాం. అంతటితో ఊరుకోలేదు. తర్వాత జరిగిన సమావేశంలో వాళ్ళ వీధి పేరు కూడా చెప్పి, "మన జంటకు చికిత్స మొదలవుతోంది, అందరూ దువా చేయండి" అని మైకులో ప్రకటించాం. మా ఉద్దేశం మంచిదే. రెండు వారాల తర్వాత ఆమె మా మహిళా విభాగంలోని ఆపాతో అన్న మాట ఇప్పటికీ మా చెవుల్లో ఉంది. "ఆపా, సూదుల నొప్పి ఓర్చుకున్నాను. కొళాయి దగ్గరికి వెళ్తే ప్రతి ఒక్కరూ 'నిలిచిందా?' అని అడుగుతున్నారు. అందుకే నీళ్ళకు చీకటి పడ్డాక వెళ్తున్నాను."

మేము డబ్బు ఇచ్చాం. దానితో పాటు తెలియకుండానే ఒక భారాన్నీ ఆమె నెత్తిన పెట్టాం. ఆ రోజు నుంచి ఈ విషయం గురించి వైద్యులను, మానసిక నిపుణులను, ఉలమాలను అడిగి తెలుసుకుంటూ వచ్చాం. సంతానం కోసం చికిత్స తీసుకునే దంపతుల మనసు మీద ఏ దశలో ఏ ఒత్తిడి పడుతుంది? దాతలుగా, బంధువులుగా, ఇరుగుపొరుగుగా మనం దాన్ని ఎలా తగ్గించగలం? తెలిసినంత మేరకు మీ ముందు ఉంచుతున్నాం.

సంతానలేమి అంటే

భార్యాభర్తలు ఏ నివారణ పద్ధతీ పాటించకుండా కలిసి కాపురం చేస్తూ, 12 నెలలు గడిచినా గర్భం రాకపోతే వైద్యులు దాన్ని సంతానలేమి అంటారు. భార్య వయసు 35 దాటితే ఆరు నెలలకే డాక్టరును కలవమంటారు. ఇది అరుదైన సమస్య కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో వెలువరించిన నివేదిక ప్రకారం పెద్దవారిలో దాదాపు ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ సమస్యను ఎదుర్కొంటున్నారు. మన జమాఅత్‌లో, మన వీధిలో, మన సొంత కుటుంబంలో కూడా అలాంటివారు ఉంటారు. వాళ్ళు చెప్పుకోరు కాబట్టి మనకు కనిపించరు.

కారణాలు అనేకం. ఆడవారిలో అండం సరిగా విడుదల కాకపోవడం, పీసీఓడీ, అండవాహికలు మూసుకుపోవడం, ఎండోమెట్రియోసిస్ వంటివి ముఖ్యమైనవి. మన దేశంలో గర్భాశయానికి, అండవాహికలకు సోకే క్షయ కూడా ఒక కారణం. దగ్గు లేకుండా, బయటికి ఏమీ తెలియకుండా అది లోపల పని చేసుకుపోతుంది. మగవారిలో వీర్యకణాల సంఖ్య తక్కువ కావడం, వాటి కదలిక మందగించడం, కొందరిలో అసలే లేకపోవడం ఉంటుంది. పిల్లలు లేని జంటల్లో దాదాపు సగం మందిలో, పూర్తిగానో కొంతవరకో, భర్త వైపు కారణం ఉంటుంది. కొన్ని జంటల్లో ఇద్దరికీ అన్ని పరీక్షలూ చేసినా ఏ లోపమూ దొరకదు.

అయినా మన ఇళ్ళలో మొదటి వేలు కోడలి వైపే చూపిస్తుంది. పెళ్ళయిన మూడో నెల నుంచే "ఏమైనా విశేషమా?" అన్న ప్రశ్న మొదలవుతుంది. మూడేళ్ళు దాటితే అడగడం మానేసి గుసగుసలాడతారు. 'గొడ్రాలు' అన్న మాట ఇప్పటికీ మన నోళ్ళలో నుంచి పోలేదు. కాబట్టి ఆస్పత్రి గడప తొక్కే సరికే ఆ అమ్మాయి సగం అలసిపోయి ఉంటుంది. సంతానలేమితో బాధపడే మహిళల మానసిక వేదన క్యాన్సర్, గుండె జబ్బుల రోగుల వేదనకు దగ్గరగా ఉందని అమెరికాలో 1993లో వెలువడిన ఒక అధ్యయనం తెలిపింది. "పిల్లలు లేకపోవడం ఒక జబ్బా? దానికి విరాళం ఎందుకు?" అని అడిగేవారికి మేము ముందుగా చెప్పే మాట ఇదే.

మందుల దశ: క్యాలెండరు చేతిలో కాపురం

మొదటి మెట్టు మాత్రలు. అండం విడుదల కావడానికి నెలసరి మొదలైన రెండో రోజు నుంచో మూడో రోజు నుంచో ఐదు రోజులు మందు వేస్తారు. పదో రోజు ప్రాంతం నుంచి స్కానింగులు చేస్తూ అండం ఎంత పెరిగిందో చూస్తారు. ఫలానా రోజుల్లో భార్యాభర్తలు కలవాలని చెబుతారు. ఖర్చు తక్కువ, నొప్పి తక్కువ. అందుకని బయటివారికి ఇది తేలికైన దశగా కనిపిస్తుంది.

లోపల జరిగేది వేరు. దంపతుల మధ్య ప్రేమతో, ఇష్టంతో ఉండవలసిన ఏకాంతం డాక్టరు చీటీలోని ఒక తేదీగా మారిపోతుంది. ఆ రోజు భర్త రాత్రి డ్యూటీలో ఉన్నా, ఇంట్లో చుట్టాలున్నా, ఇద్దరికీ మాటపట్టింపు వచ్చినా తప్పించుకోవడానికి లేదు. రోజు తప్పితే నెల పోయినట్టే. తర్వాత నెలసరి తేదీ దగ్గర పడేకొద్దీ గుండె దడ. ఒక రోజు ఆలస్యమైతే ఆశ, మర్నాడు కనిపిస్తే కన్నీళ్ళు. ఇలా నెలకోసారి ఆశపడి, నెలకోసారి దుఃఖపడి, మళ్ళీ మూడో రోజున మాత్ర వేసుకోవాలి. ఆ దుఃఖానికి పరామర్శ ఉండదు, ఎవరూ చనిపోలేదు కదా! అందుకే అది మనసులోనే పేరుకుపోతుంది.

ఐయూఐ దశ: కొన్ని నిమిషాల పని, పదిహేను రోజుల పరీక్ష

రెండో మెట్టు ఐయూఐ. భర్త ఇచ్చిన వీర్యాన్ని ల్యాబులో శుద్ధిచేసి, చురుకైన కణాలను సన్నని గొట్టం ద్వారా భార్య గర్భాశయంలోకి పంపుతారు. కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. ఖర్చు వేలల్లో ఉంటుంది. కానీ ఒక్కో విడతలో గర్భం వచ్చే అవకాశం సాధారణంగా నూటికి పది, పదిహేనుకు మించదు. ఈ సంగతి ముందుగా తెలియని జంట మొదటిసారి ఫలించకపోగానే కుప్పకూలిపోతుంది. నూటికి ఎనభై అయిదు మందికి మొదటిసారి కాదని తెలిస్తే, అదే ఫలితాన్ని కొంత నిబ్బరంగా తీసుకోగలుగుతారు. ఒక్క అంకె ముందుగా చెప్పడం ఎంత పెద్ద మందో చూడండి.

ఈ దశలో భర్త మీద పడే ఒత్తిడిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. బయట వరుసలో జనం కూర్చుని ఉండగా, నర్సు పేరు పిలిచి డబ్బా చేతికిస్తే, చెప్పిన సమయానికి శాంపిల్ ఇవ్వాలి. కొందరికి ఆ ఆందోళనలో సాధ్యం కాదు. ఆ రోజంతా తనవల్లే పాడైందని కుమిలిపోతారు. ఈ భయం ఉన్నవారు ముందే డాక్టరుకు చెబితే, అవసరమైనప్పుడు వాడేందుకు వీర్యాన్ని ముందుగానే తీసి భద్రపరిచే వీలుంటుంది. ఈ చిన్న సంగతి తెలియక చికిత్సనే మానుకున్నవారు ఉన్నారు.

మూడు నాలుగు విడతలు ఫలించకపోతే వైద్యులు సాధారణంగా పై మెట్టు గురించి మాట్లాడతారు. అక్కడి నుంచి లెక్క వేల నుంచి లక్షలకు మారుతుంది.

ఐవీఎఫ్, ఇక్సీ దశ: జల్లెడ మీద జల్లెడ

1978 జూలై 25న ఇంగ్లండులో లూయీ బ్రౌన్ పుట్టినప్పుడు ప్రపంచం 'టెస్ట్‌ట్యూబ్ బేబీ' అన్న మాట నేర్చుకుంది. అదే ఏడాది అక్టోబరు 3న కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖర్జీ కృషితో మన దేశపు మొదటి ఐవీఎఫ్ పాప పుట్టింది. 1992లో బెల్జియం వైద్యులు ఇక్సీ పద్ధతిని ప్రపంచానికి అందించారు. అందులో ఒక్క వీర్యకణాన్ని సూదితో నేరుగా అండంలోకి పంపుతారు. వీర్యకణాలు బాగా తక్కువగా ఉన్న మగవారికి అది పెద్ద ఆశ అయింది.

చికిత్స క్రమం స్థూలంగా ఇలా ఉంటుంది. ఎనిమిది నుంచి పన్నెండు రోజులు రోజూ హార్మోను ఇంజెక్షన్లు. మధ్యలో స్కానింగులు, రక్తపరీక్షలు. అండాలు పక్వానికి రాగానే చివరి ఇంజెక్షను, దాని తర్వాత సుమారు 34 నుంచి 36 గంటలకు మత్తు ఇచ్చి అండాలను బయటికి తీయడం. ల్యాబులో వాటిని భర్త వీర్యంతో ఫలదీకరించి, మూడో రోజునో ఐదో రోజునో పిండాన్ని గర్భాశయంలో పెట్టడం. కొందరికి పిండాలను శీతలీకరించి, తర్వాతి నెలల్లో పెడతారు. ఆపైన సుమారు రెండు వారాల ఎదురుచూపు, రక్తపరీక్ష.

ఈ దారిలో ప్రతి మెట్టూ ఒక జల్లెడ. ఉదాహరణకు పన్నెండు అండాలు వచ్చాయనుకుందాం. వాటిలో పక్వమైనవి తొమ్మిది, ఫలదీకరణ చెందినవి ఆరు, ఐదో రోజుకు నిలిచినవి రెండు మూడు. ప్రతి రోజూ ల్యాబు నుంచి ఫోను వస్తుంది, ప్రతి ఫోనుకూ అంకె తగ్గుతుంది. ఇది సహజంగా జరిగేదే. కానీ ముందుగా తెలియని జంటకు ప్రతి ఫోనూ ఒక దెబ్బ. ఈ చికిత్సలో ఒత్తిడి మూడు చోట్ల శిఖరానికి చేరుతుందని నిపుణులు చెబుతారు: అండాలు తీసే సమయం, పిండాన్ని పెట్టే సమయం, ఆ తర్వాతి రెండు వారాలు. ఆ రెండు వారాల్లో రోజూ వెళ్ళవలసిన ఆస్పత్రి లేదు, పలకరించే నర్సు లేదు, చేయడానికి పని లేదు. మెట్లెక్కితే ఏమవుతుందో, తుమ్మితే ఏమవుతుందో, సజ్దా చేయవచ్చో లేదో అన్న భయాలు మాత్రం బోలెడు. మా పొరపాటు వల్ల కొళాయి దగ్గర ఆ సోదరి చుట్టూ ప్రశ్నలు మూగింది సరిగ్గా ఈ రోజుల్లోనే.

దీనికి తోడు శరీర బాధలున్నాయి. కడుపు ఉబ్బరం, తలనొప్పి, చిరాకు హార్మోన్ల వల్ల రావచ్చు. కొద్దిమందిలో అండాశయాలు విపరీతంగా ఉబ్బి, పొట్టలో నీరు చేరి, ఆయాసం వస్తుంది, మూత్రం తగ్గుతుంది. అప్పుడు 'ఓర్చుకో' అనకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి.

ఇక డబ్బు. ప్రైవేటులో ఒక్క విడతకు లక్షన్నర, రెండు లక్షలు, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువ. చాలా ఆరోగ్య బీమాలు దీన్ని భరించవు. నికాహ్ నాటి నగలు పోతాయి, వడ్డీకి అప్పు వస్తుంది. అంత పెట్టినా హామీ లేదు. 35 ఏళ్ళ లోపు వారిలో కూడా ఒక విడతలో బిడ్డ పుట్టే అవకాశం సుమారు మూడింట ఒక వంతు, వయసు పెరిగేకొద్దీ ఇంకా తగ్గుతుంది. లక్షలు పెట్టి ఆపరేషను చేయిస్తే మనిషి నయమై ఇంటికి వస్తాడు. ఇక్కడ లక్షలు పెట్టి ఖాళీ చేతులతో రావలసి రావచ్చు. అప్పు మిగులుతుంది, దుఃఖం మిగులుతుంది, దాని మీద "అంత సొమ్ము తగలేశారు" అన్న మాట కూడా మిగులుతుంది. మిగతా వైద్య సాయానికీ దీనికీ ఉన్న అసలు తేడా ఇదే.

భర్త మౌనం, భార్య భయం

మగవాడు ఏడవకూడదని మనం నేర్పాం. అందుకే అతడు ఏడవడు. ఆలస్యంగా ఇంటికి వస్తాడు, మాట తగ్గిస్తాడు, సిగరెట్టు పెంచుతాడు. భార్యకు అది నిర్లక్ష్యంగా కనిపిస్తుంది. అతడేమో ఆమె ముందు ధైర్యంగా ఉండాలని మౌనంగా ఉన్నాననుకుంటాడు. ఇద్దరూ ఒకే దుఃఖంలో ఉండి, వేర్వేరు గదుల్లో ఉన్నట్టు బతుకుతారు.

వీర్యపరీక్ష చవకైనది, తేలికైనది, కోత లేనిది. అయినా చాలా ఇళ్ళలో భార్యకు రెండు మూడేళ్ళు మందులు వాడించాక గానీ భర్త పరీక్షకు ఒప్పుకోడు. లోపం బయటపడితే మగతనానికే మచ్చ అనుకుంటాడు. బిడ్డను పుట్టించే శక్తికీ మగతనానికీ సంబంధం లేదని అతడికి చెప్పేవారు లేరు. కొన్నిచోట్ల భర్త లోపాన్ని దాచడానికి భార్యే నింద తన మీద వేసుకుంటుంది. అత్తింట్లో మాటలు పడుతుంది, పుట్టింట్లో నోరు విప్పదు.

ఆడపిల్ల మనసులో ఇంకో భయం ఉంటుంది. తలాఖ్ మాట వస్తుందేమో, రెండో నికాహ్ మాట వస్తుందేమో అని. ఎవరూ అనకపోయినా ఆ భయం ఉంటుంది. ఎవరో ఒకరు నవ్వుతూ అంటే ఆ రాత్రి ఆమెకు నిద్ర ఉండదు. అఖీఖా దావత్‌కు పిలవకపోతే అవమానం, పిలిస్తే వెళ్ళి అందరి చూపులూ భరించాలి.

"టెన్షన్ పడుతున్నావు కాబట్టే నిలవడం లేదు"

ఈ మాటను మనమంతా ఎప్పుడో ఒకప్పుడు అనే ఉంటాం. ఓదార్పు అనుకుంటాం. కానీ అది నింద. "నీ తప్పు వల్లే బిడ్డ రాలేదు" అని చెప్పడమే. దీన్ని గురించి 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఒక ముఖ్యమైన పరిశోధన ప్రచురించింది. 14 అధ్యయనాల్లోని 3,583 మంది మహిళల వివరాలను కలిపి పరిశీలించారు. చికిత్సకు ముందు ఎక్కువ ఆందోళన, కుంగుబాటు ఉన్నవారికీ, లేనివారికీ ఆ విడతలో గర్భం వచ్చే అవకాశంలో తేడా కనిపించలేదు.

ఈ సంగతి ప్రతి జంటకూ, ప్రతి అత్తగారికీ చేరాలి. ఏడ్చినంత మాత్రాన పిండం పోదు. భయపడినంత మాత్రాన చికిత్స చెడదు. చికిత్స ఫలించకపోవడానికి ఆమె మనసు కారణం కాదు.

మరి మనసుకు చికిత్స ఎందుకు? మనిషి బాధపడుతున్నాడు కాబట్టి. గర్భం రావడానికి అది ఉపాయం కాదు, ఆ దారి నడిచే శక్తికి అది ఆసరా. ఖర్చును ప్రభుత్వమో బీమానో భరించే దేశాల్లో కూడా చాలా జంటలు మధ్యలోనే చికిత్స మానేస్తున్నాయి. దానికి చెప్పే కారణాల్లో మానసిక అలసట ముఖ్యమైనది. డబ్బు ఒక్కటే చాలదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

రెండు వారాలకు పైగా నిద్ర పట్టకపోవడం, అన్నం సహించకపోవడం, ఏ పని మీదా మనసు లేకపోవడం, ఊరికే ఏడుపు రావడం, చచ్చిపోతే బాగుండుననిపించడం ఉంటే అది 'సబ్ర్ లేకపోవడం' కాదు. అది వైద్యం అవసరమైన కుంగుబాటు. ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. సంతాన సాఫల్య చికిత్సల మీద 2021లో వచ్చి, 2022 జనవరి 25 నుంచి అమలవుతున్న కేంద్ర చట్టం ప్రకారం దంపతులకు కౌన్సెలింగ్ ఇవ్వడం కేంద్రాల బాధ్యత. ఫలితం వచ్చే అవకాశం ఎంత, ఖర్చు ఎంత, దుష్ప్రభావాలేమిటి అన్నది ముందే వివరించాలి. ఇది మనం దయగా అడిగేది కాదు, హక్కుగా అడిగేది.

ధర్మసందేహాలు కూడా ఒక ఒత్తిడే

మన దంపతుల్లో చాలామందిని లోలోపల కొరికేది ఇంకొక ప్రశ్న: "ఇది హలాలేనా?" కొందరు ఆ సందేహాన్ని ఎవరినీ అడగలేక ఏళ్ళు గడిపేస్తారు. 1980లో ఈజిప్టు గ్రాండ్ ముఫ్తీ షేఖ్ జాదుల్ హఖ్ ఇచ్చిన ఫత్వా, 1986లో అమ్మాన్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ తీర్మానం ఈ విషయంలో దారి చూపాయి. నికాహ్ బంధంలో ఉన్న భార్యాభర్తల అండం, వీర్యం మాత్రమే వాడి, బిడ్డను ఆ భార్యే మోసే పద్ధతిని అవసరం ఉన్నప్పుడు అనుమతించాయి. మూడో వ్యక్తి అండం, వీర్యం, గర్భం వాడడాన్ని నిషేధించాయి. మీ ప్రాంత ఉలమాలతో మాట్లాడి, మీ పరిస్థితికి తగిన సలహా తీసుకోండి. తమ శాంపిళ్ళు మరొకరి వాటితో కలవకుండా ఏ జాగ్రత్తలు పాటిస్తున్నారో కేంద్రాన్ని అడగండి. అది అడగదగ్గ ప్రశ్నే.

సంతానం లేకపోవడం అల్లాహ్ కోపానికి గుర్తు కాదు. హజ్రత్ జకరియ్యా (అలైహిస్సలాం) ముసలితనం వరకు బిడ్డ కోసం దువా చేశారు. విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఆయిషా (రజియల్లాహు అన్హా)కు సంతానం లేదు. ఆమె దగ్గర విద్య నేర్చుకున్నవారు ఎందరో. ఈ సంగతులు తెలిసిన మనమే, పిల్లలు లేని ఆడపిల్లను శుభకార్యంలో వెనక వరుసలో నిలబెడితే దాన్నేమనాలి?

ఆపాలన్నది కూడా ఒక నిర్ణయమే. రెండు మూడు విడతల తర్వాత "ఇక చాలు" అనుకున్న జంటను ఓడిపోయినవారిగా చూడకూడదు. అనాథ బిడ్డను సాకడం మన ధర్మంలో ఎంతో పుణ్యకార్యం. దేశ చట్టం ప్రకారం దత్తత తీసుకునే వీలు ముస్లింలకు కూడా ఉందని 2014లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. వంశనామం, వారసత్వం, పరదా విషయాల్లో మన ధర్మశాస్త్రం చెప్పేదాన్ని ఉలమాల దగ్గర తెలుసుకుని ముందుకు సాగవచ్చు. అయితే ఆ మాట వాళ్ళు ఎత్తాలి. మొదటి విడత పోయిన మర్నాడే మనం ఎత్తకూడదు.

మా పద్ధతిలో చేసుకున్న మార్పులు

ఆ అనుభవం తర్వాత ఇలాంటి సాయంలో కొన్ని నియమాలు పెట్టుకున్నాం. మీరిచ్చే ప్రతి రూపాయీ ఈ నియమాల ప్రకారమే ఖర్చవుతుంది కాబట్టి మీకు చెప్పడం మా బాధ్యత.

మొదటిది గోప్యత. దరఖాస్తు చూసేది ఇద్దరే. సమావేశంలో పేరు, వీధి, ఫొటో ఏదీ ఉండదు. దువా కోరవలసి వస్తే "పిల్లలు లేని దంపతులందరి కోసం" అని కోరతాం. అల్లాహ్‌కు వాళ్ళ పేర్లు మనం చెప్పనక్కర్లేదు.

రెండోది, ఇద్దరి పరీక్షలూ. భర్త పరీక్ష రిపోర్టు లేకుండా భార్య చికిత్సకు సాయం ఇవ్వం. ఈ ఒక్క నియమం వల్ల కొందరు ఆడపిల్లలకు ఏళ్ళ తరబడి అనవసరపు మందులు తప్పుతాయి.

మూడోది, సాయం సగంలో ఆగకూడదు. ఇంజెక్షన్లకు ఇచ్చి, పిండం పెట్టే రోజుకు చేతులెత్తేస్తే ఆ జంటను నడి ఏట్లో దించినట్టే. మొదలుపెట్టే ముందే మొత్తం అంచనా రాతపూర్వకంగా తీసుకుంటాం, సొమ్ము నేరుగా ఆస్పత్రికి కడతాం. పొద్దున్నే బస్సెక్కి గుంటూరుకో విజయవాడకో హైదరాబాదుకో పోయే ఛార్జీలు, పోయిన కూలి రోజులు కూడా అంచనాలో చేరుస్తాం. వాటికోసం చేసే చిన్న అప్పులే మనిషిని ఎక్కువ కుంగదీస్తాయి.

నాలుగోది, కేంద్రానికి చట్టప్రకారం రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూస్తాం. గ్యారంటీగా బిడ్డ అనే చోటికి, మగబిడ్డ అని ఆశ చూపే చోటికి పంపం. పుట్టబోయే బిడ్డ ఆడో మగో ఎంచుకోవడం నేరం. ప్రభుత్వ సౌకర్యం అందుబాటులో ఉంటే ముందు అక్కడికే పంపుతాం. హైదరాబాద్ గాంధీ ఆస్పత్రిలో 2023లో సంతాన సాఫల్య కేంద్రం ప్రారంభమైంది.

ఐదోది, ఎన్ని విడతల వరకు వెళ్ళాలో ముందే మాట్లాడుకోమని దంపతులకు చెబుతాం. దుఃఖంలో తీసుకునే నిర్ణయం కన్నా ముందుగా అనుకున్న గీత మేలు. అప్పు ఎంతకు మించకూడదో కూడా అప్పుడే అనుకోవాలి.

ఆరోది, మనిషి. ఇదే దారిలో నడిచివచ్చిన ఒక ఆపా భార్యకు, ఒక భాయ్ భర్తకు తోడుంటారు. వాళ్ళు సలహాలివ్వరు, ఫలితం అడగరు. "బజారుకు వెళ్తున్నా, ఏమైనా కావాలా?" అంటారు. ఫలితం రాని రోజున ఇంటికి వెళ్ళి కూర్చుంటారు. అవసరమైతే మానసిక వైద్యుల దగ్గరికి తీసుకువెళ్తారు. ఆ ఫీజు కూడా చికిత్స ఖర్చులో భాగమే.

జకాత్ సొమ్ము ఎవరికి, ఎంతవరకు వర్తిస్తుందో ఉలమాలను అడిగే వాడుతున్నాం. మిగిలినది సదఖా, సాధారణ విరాళాల నుంచి సర్దుతున్నాం. అందుకే ఈ పనికి విడిగా ఇచ్చే విరాళం మాకు ఎంతో విలువైనది. ఇవ్వలేనివారు కూడా ఒక పని చేయవచ్చు. ఈ వారం ఎవరినీ "విశేషమా?" అని అడగకండి. ఎవరైనా అడుగుతుంటే మాట మళ్ళించండి. దానికి రూపాయి ఖర్చు లేదు, కానీ ఏదో ఒక ఇంట్లో ఒకరు ఆ రాత్రి కాస్త నిద్రపోతారు.

చివరగా, వ్యాసం మొదట్లో చెప్పిన ఆ జంటకు బిడ్డ పుట్టిందా అని మీకు అడగాలనిపిస్తుంది. దాతలుగా తెలుసుకోవాలనుకోవడం సహజం. కానీ మేము చెప్పం. అది వాళ్ళు చెప్పుకోవలసిన కబురు. మా ఆపా క్షమాపణ కోరడానికి ఆమె ఇంటికి వెళ్ళింది. ఆమె టీ ఇచ్చింది. చాలాసేపు ఇద్దరూ బట్టల గురించి, ధరల గురించి, రంజాన్ గురించి మాట్లాడుకున్నారు. వచ్చేటప్పుడు ఆమె గుమ్మం దాకా వచ్చి, "ఈ ఏడాదిలో ఆ సంగతి అడగకుండా మా ఇంట్లో కూర్చున్నది మీరొక్కరే ఆపా" అంది. ఆమె ఇప్పుడు పగటిపూటే నీళ్ళకు వెళ్తోంది. అంతవరకు మాత్రం చెప్పగలం.

ఎదురుచూసే ప్రతి జంటకూ అల్లాహ్ తన కారుణ్యంతో ఒడి నింపుగాక. నింపకపోయినా వారి మనసులకు నెమ్మదిని, వారి కాపురాలకు అనురాగాన్ని, మన నోళ్ళకు సంయమనాన్ని ప్రసాదించుగాక. మీ దానాన్ని స్వీకరించుగాక. ఆమీన్.